కెమేరాకు తగిన మెమరీ కార్డు

హైదరాబాదు పాతబస్తీలో ఏటేట రెండు గొప్ప ఊరేగింపులు జరుగుచుండును. ఆషాఢ మాసమున బోనాల ముగింపునాడు హరిబౌలిలోని అక్కన్న మాదన్న ఆలయపు ఘటము ఏనుగుపై వెడలి చార్మినారు మీదుగా నయాపూలు వైపునకు సాగును. మొహర్రము పదవనాడు డబీర్‌పురాలోని బీబీకా అలావా నుండి బీబీకా ఆలము, అదియు ఏనుగుపైననే, బయలుదేరి చాదర్‌ఘాటు చేరును. వేలాది జనుల నడుమ ఆ ఏనుగు చార్మినారు ఎదుటికి వచ్చు సమయమునకై ఛాయాగ్రాహకులు గంటల కొలది కాచుకొని యుందురు. ఆ నిమిషము దాటినచో మరల అట్టి దృశ్యము ఏడాదికిగాని రాదు.

సరిగా అట్టి వేళనే కెమేరా మొరాయించుట కలదు. మీట నొక్కినను చిత్రము పడదు. తెరపై చిన్న దీపము మాత్రము మిణుకుమిణుకుమనుచుండును. లేదా వీడియో నడుమ ఆగిపోవును. లేదా ఇంటికి వచ్చి చూచునప్పటికి సగము చిత్రములు తెరచుకొనవు. ఇట్టి సందర్భములలో తప్పు కటకముది కాదు, కెమేరాది కాదు; చిత్రములను దాచు మెమరీ కార్డుది. వేలకు వేలు పోసి కెమేరా కొనువారు సైతము కార్డును మాత్రము బయలుదేరు ముందు, దొరికిన అంగడిలో, ఉన్న వాటిలో చౌకయైనది చూచి కొనుచుందురు. కార్డుపై అచ్చు వేసిన అంకెలు, గుర్తులు చదువ నేర్చినచో ఈ నష్టము చాలవరకు తప్పును. ఆ గుర్తుల వెనుకనున్న విజ్ఞానము హైస్కూలు విద్యార్థికి అందనంత కఠినమైనది కాదు.

గాజు పలక నుండి సిలికాను వరకు

హైదరాబాదు నగరమునకు ఛాయాచిత్రకళతో సంబంధము పాతది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడగు రాజా దీనదయాళు (1844-1905) నగరములోని భవనములను, దర్బారులను, వేటలను గాజు పలకలపై చిత్రించెను. ఆయన తీసిన వాటిలో 2,857 గాజు నెగటివులను 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించినది. గాజు పలకపై పూసిన వెండి లవణములపై వెలుతురు సోకగానే రసాయనికమైన మార్పు కలుగును. అదియే చిత్రమునకు బీజము. అనగా, చిత్రమును పట్టునదియు, దాచునదియు ఆ పలకయే. తరువాత వచ్చిన ఫిల్ము చుట్టలోను ఇట్లే జరుగుచుండెను.

డిజిటల్ కెమేరాలో ఈ రెండు పనులు వేరుపడినవి. వెలుతురును పట్టునది సెన్సరు. అది వెలుతురును విద్యుత్తుగాను, విద్యుత్తును అంకెలుగాను మార్చును. ఆ అంకెలను దాచుటకు వేరొక చోటు కావలెను. 1975లో అమెరికాలోని కొడాక్ సంస్థలో స్టీవెన్ శాసన్ అను ఇంజనీరు నిర్మించిన తొలి డిజిటల్ కెమేరా తన చిత్రమును పాటల క్యాసెట్టు టేపుపై వ్రాసెను. ఆ చిత్రములో నూరు వరుసలు, వరుసకు నూరు బిందువులు మాత్రమే యుండెను. అంత చిన్న చిత్రమును వ్రాయుటకే ఆ టేపునకు 23 సెకనులు పట్టెను! దాచు వస్తువు యొక్క వేగము కెమేరాకు ఎంత ముఖ్యమో ఆ మొదటినాడే తేటపడినది.

1988లో ఫ్యూజీ సంస్థ ప్రదర్శించిన డి.ఎస్.-1పి అను కెమేరాలో చిన్న సిలికాను కార్డు అమరినది. కాని ఆ కార్డులోని చిత్రములు నిలువవలెనన్న దానిలో ఒక చిన్న బ్యాటరీ ఎల్లప్పుడు పనిచేయుచుండవలెను. బ్యాటరీ పోయినచో చిత్రములును పోవును. విద్యుత్తు లేకున్నను మరువని స్మృతి కావలసి వచ్చినది. అట్టిదానిని జపానులోని తోషిబా సంస్థ శాస్త్రజ్ఞుడు ఫుజియో మసువోకా అప్పటికే రూపొందించి యుండెను. 1984లో ఒక విధమైనదానిని, 1987లో నేటి కార్డులన్నిటిలో వాడు 'నాండ్' అను విధమును ఆయన బృందము ప్రకటించినది. దానిలోని విషయమంతయు ఒక్క దెబ్బతో చెరిగిపోవుట చూచి, కెమేరా ఫ్లాషు వెలుగు జ్ఞప్తికి వచ్చి, ఆయన సహచరుడొకడు దానికి 'ఫ్లాష్ మెమరీ' యని పేరు సూచించెనట. కెమేరా నుండి పేరు తెచ్చుకొన్న ఆ వస్తువే పిదప కెమేరాలోనికి వచ్చి చేరుట చిత్రమైన విషయము.

కార్డు లోపల ఏమున్నది?

కార్డులో కదలు భాగములు లేవు. దానిలో కోట్లకొలది అతి సూక్ష్మమైన గదులున్నవి. ఒక్కొక్క గది ఒక ట్రాన్సిస్టరు. దాని నడుమ, నాలుగు వైపుల విద్యుద్బంధకముచే మూయబడిన ఒక చిన్న పొర కలదు. ఆ పొరలోనికి ఎలక్ట్రానులను ప్రవేశపెట్టినచో అవి బయటికి పోవు త్రోవలేక అక్కడనే చిక్కుకొని యుండును. మూత బిగించిన కుండలోని నీటివలె అవి ఏండ్ల తరబడి నిలుచును. ఎలక్ట్రానులున్న గది ఒక గుర్తు, లేని గది మరియొక గుర్తు. సున్న, ఒకటి అను రెండు అంకెలతోనే కంప్యూటరు భాష యంతయు నడచునని విద్యార్థులెరుగుదురు. ఆ సున్నలు, ఒకట్లే ఇక్కడ ఎలక్ట్రానుల రూపమున దాగియున్నవి.

మూసిన గదిలోనికి ఎలక్ట్రానులు ఎట్లు పోవును? బంధకపు పొర కొద్ది నానోమీటర్ల మందము మాత్రమే. దానికి ఇరుప్రక్కల రమారమి 20 వోల్టుల పీడనము కలిగించినచో ఎలక్ట్రానులు గోడను దాటి అవతలికి చేరును. సామాన్య భౌతికశాస్త్రము ప్రకారము ఇది జరుగరాదు; క్వాంటము సిద్ధాంతము ప్రకారము జరుగును. దీనికి సొరంగ ఫలితమని పేరు. పీడనము దిశ మార్చినచో ఎలక్ట్రానులు వెలుపలికి వచ్చి గది ఖాళీయగును.

ఒక గదిలో 'ఉన్నది, లేదు' అను రెండు స్థితులే గాక, 'కొద్దిగా, సగము, నిండుగా' అనునట్లు పెక్కు మట్టములను గుర్తించుట కూడ సాధ్యమే. గ్లాసులో నీరు ఎంత మట్టమునకున్నదో చూచి సంఖ్య చెప్పుట వంటిది ఇది. రెండు మట్టములైన గదికి ఒక బిట్టు, నాలుగైన రెండు, ఎనిమిదైన మూడు, పదునారైన నాలుగు బిట్లు పట్టును. నేడు విరివిగా దొరకు కార్డులలో మూడు బిట్ల గదులు సామాన్యము. మట్టములు పెరిగిన కొలది తక్కువ వెలకు ఎక్కువ చోటు దొరకును. కాని మట్టములు దగ్గర దగ్గరగా నుండుటచే వ్రాయుటకు ఎక్కువ కాలము పట్టును. గదియు త్వరగా అరుగును. చౌకయైన పెద్ద కార్డు నెమ్మదిగా నుండుటకు మూలకారణమిదియే.

మరియొక నియమమును గమనింపవలెను. వ్రాయుట చిన్న పుటలుగా జరుగును గాని, చెరుపుట పెద్ద ఖండములుగానే జరుగును. పలకపై ఒక్క అక్షరము వ్రాయవచ్చును. కాని ఈ పలకపై ఒక్క అక్షరమును చెరుప వీలులేదు, తడిగుడ్డతో మొత్తము తుడువవలసినదే. అందుచే కార్డులో కంట్రోలరు అను చిన్న గుమాస్తా యుండును. ఏ పుట ఎక్కడ నున్నది, ఏ ఖండము ఎన్నిసార్లు అరిగినది, ఎక్కడ తప్పు దొరలినది అను లెక్క యంతయు వ్రాసికొని, భారము అన్ని ఖండములపై సమముగా పడునట్లు చూచుట దాని పని. రెండు కార్డులలో ఒకే చిప్పులున్నను గుమాస్తా సమర్థుడు కానిచో ఆ కార్డు వెనుకబడును.

ఆకారములు, జాతులు

కొనువాడు మొదట చూడవలసినది కెమేరాలోని అర ఏ ఆకారము కలదియో. ఇందులో మన ఇష్టమునకు తావులేదు. 1994లో సాన్‌డిస్క్ సంస్థ తెచ్చిన కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు అగ్గిపెట్టె యంత వెడల్పుండి, కెమేరాలోని 50 సూదులపై కూర్చొనును. సోనీ సంస్థ 1998లో మెమరీ స్టిక్కును, ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ సంస్థలు 2002లో ఎక్స్‌డి కార్డును తెచ్చినవి. ఈ చివరి రెండును నేటి కొత్త కెమేరాలలో లేవు. పాత వస్తువులకు పేరుపడిన జుమేరాత్ బజారు వంటి చోట ముచ్చటపడి పాత కెమేరా కొనువారు ముందుగా దాని అరను తెరచి చూడవలెను. కార్డు దొరకని కెమేరా బొమ్మగా మాత్రమే పనికివచ్చును.

నేడు అధిక ప్రచారములో నున్నది ఎస్.డి. కార్డు. దీనిని 1999లో సాన్‌డిస్క్, పానసోనిక్, తోషిబా సంస్థలు కలిసి ప్రకటించినవి. పొడవు 32 మిల్లీమీటర్లు, వెడల్పు 24, మందము 2.1. దీని చిన్న తమ్ముడు మైక్రో ఎస్.డి.; అది 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. ఫోనులలోను, నిఘా కెమేరాలలోను వాడునది ఇదియే. ఒక తొడుగులో పెట్టి దీనిని పెద్ద కెమేరాలో వాడవచ్చును గాని, తొడుగు వలన లోహపు కలయికలు రెట్టింపగును. కలయికలు పెరిగిన కొలది పట్టు తప్పు అవకాశమును పెరుగును. కనుక ముఖ్యమైన పనికి పెద్ద కెమేరాలో పెద్ద కార్డే మేలు.

ఎస్.డి. కార్డులలో నాలుగు తరములున్నవి. మొదటి ఎస్.డి. 2 గిగాబైట్ల వరకు. 2006లో వచ్చిన ఎస్.డి.హెచ్.సి. 32 గిగాబైట్ల వరకు. 2009లో వచ్చిన ఎస్.డి.ఎక్స్.సి. 2 టెరాబైట్ల వరకు. 2018లో ప్రకటించిన ఎస్.డి.యు.సి. 128 టెరాబైట్ల వరకు. నాలుగింటి ఆకారమును ఒక్కటే యగుటచే మోసపోవుట సులభము. కొత్త కెమేరా పాత కార్డును చదువగలదు. పాత కెమేరా కొత్త తరపు కార్డును చదువునని నమ్మరాదు. పదునైదేండ్ల నాటి బడి కెమేరాకు 128 గిగాబైట్ల కార్డు కొని తెచ్చినచో 'కార్డు సరిగా లేదు' అను సమాధానమే రావచ్చును. కెమేరాతో వచ్చిన పుస్తకములో ఏ తరము వరకు చెల్లునో వ్రాసి యుండును.

ఖరీదైన వృత్తి కెమేరాలకు సి.ఎఫ్. ఎక్స్‌ప్రెస్ అను జాతి కలదు. ఇది కంప్యూటరు లోపలి భాగములు మాట్లాడుకొను మార్గమునే కార్డునకు తెచ్చినది. 2019 నాటి నిర్ణయము ప్రకారము దీనిలో 'ఏ' రకమునకు ఒక త్రోవ, 'బి' రకమునకు రెండు, 'సి' రకమునకు నాలుగు త్రోవలు కలవు. ఒక్కొక్క త్రోవన సెకనుకు రమారమి 1,000 మెగాబైట్లు సాగును. రకములు ఒకదాని అరలో మరియొకటి పట్టవు. వెలయు ఎస్.డి. కార్డుకంటె మిక్కిలి హెచ్చు. పాఠశాల అవసరములకు వీటి జోలికి పోనక్కరలేదు.

ఎంత చోటు కావలెను?

ఇది కేవలము గుణకార భాగహారముల లెక్క. కెమేరా తీయు జేపెగ్ చిత్రము ఒకటి సుమారు 10 మెగాబైట్లనుకొందము. 32 గిగాబైట్లనగా 32,000 మెగాబైట్లు. కావున 3,200 చిత్రములు పట్టును. సెన్సరు చెప్పిన అంకెలను తగ్గింపక యథాతథముగా దాచు 'రా' చిత్రమైనచో, 2 కోట్ల 40 లక్షల బిందువులు, బిందువునకు 14 బిట్లు, బైటుకు 8 బిట్లు. అనగా చిత్రమునకు 42 మెగాబైట్లు. అదే కార్డులో 760 చిత్రములు మాత్రమే పట్టును.

వీడియో లెక్క వేరు. వీడియో వేగమును సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని చెప్పుదురు. కార్డు వేగమును మెగాబైట్లలో చెప్పుదురు. ఈ రెండు పదములలో భేదము ఒక్క అక్షరమే గాని, విలువలో ఎనిమిది రెట్లు. 24 మెగాబిట్ల వీడియో సెకనుకు 3 మెగాబైట్లు తినును. 32 గిగాబైట్ల కార్డులో ఇంచుమించు మూడు గంటలు పట్టును. 100 మెగాబిట్ల 4కె వీడియో సెకనుకు 12.5 మెగాబైట్లు తినును; అదే కార్డు 43 నిమిషములకు లోపుగనే నిండిపోవును. గంటసేపు తీయుటకు 45 గిగాబైట్లు కావలెను.

64 అని వ్రాసిన కార్డును కంప్యూటరులో పెట్టగా 59.6 అని చూపుట చూచి కొందరు మోసపోతిమని తలంతురు. ఇది మోసము కాదు. కార్డు చేయువారు గిగాబైటును నూరు కోట్లుగా లెక్కింతురు. పెక్కు కంప్యూటర్లు 1,024ను మూడుసార్లు హెచ్చించి వచ్చిన సంఖ్యను గిగాబైటుగా లెక్కించును. 64 వందల కోట్లను ఆ సంఖ్యచే భాగించిన 59.6 వచ్చును. ఇది తరగతిలో నల్లబల్లపై చేయదగిన మంచి లెక్క.

ఎస్.డి.హెచ్.సి. కార్డులో దీర్ఘమైన వీడియో ముక్కలు ముక్కలుగా కనబడుటకు కూడ గణితమే కారణము. ఆ కార్డులోని దస్త్రముల పద్ధతి ఒక దస్త్రపు పరిమాణమును 32 బిట్ల సంఖ్యలో వ్రాసికొనును. అట్టి సంఖ్యలలో పెద్దది 4,29,49,67,295. అన్ని బైట్లు దాటగానే కెమేరా ఆ దస్త్రమును మూసి కొత్తదానిని తెరువవలసినదే. ఎస్.డి.ఎక్స్.సి. కార్డులోని పద్ధతికి ఈ హద్దు లేదు.

వేగమును చదువు విధము

కార్డుపై కొట్టవచ్చినట్లు అచ్చు వేయు అంకె చాలవరకు చదువు వేగము. అనగా, కార్డులోని చిత్రములను కంప్యూటరులోనికి తీసికొనునప్పటి వేగము. కెమేరాకు కావలసినది వ్రాయు వేగము. అది దానికంటె తక్కువ. అందులోను, ఒక క్షణమున అందుకొన్న గరిష్ఠ వేగము వేరు, ఎడతెగక నిలుపుకొన్న కనిష్ఠ వేగము వేరు. చార్మినారు బస్సు ఒకానొక చోట గంటకు 60 కిలోమీటర్లు పోవచ్చును. అంతమాత్రమున మదీనా చౌరస్తా సందడిలో అదే వేగమున పోవునని చెప్పలేము. వీడియో తీయువానికి కావలసిన హామీ, ఎంత తక్కువైనను ఇంతకు తగ్గదు అనునది.

అట్టి హామీయే వేగపు తరగతి. సి అక్షరము వంటి వలయములో 10 అంకె యున్న సెకనుకు 10 మెగాబైట్లకు తగ్గదని అర్థము. గిన్నె వంటి యు అక్షరములో 1 ఉన్నను 10 మెగాబైట్లే. 3 ఉన్నచో 30. వి అక్షరము ప్రక్కన 6, 10, 30, 60, 90 అను అంకెలలో ఏది యున్నచో అన్ని మెగాబైట్లు. ఏ 1, ఏ 2 అను గుర్తులు ఫోనులో అప్లికేషనులు నడుపుటకు సంబంధించినవి. కెమేరా కొనువాడు వాటికై అదనముగా వెచ్చింపనక్కరలేదు. ఈ హామీ కెమేరాలో శుభ్రముగా ఫార్మాటు చేసిన కార్డునకే వర్తించునని గుర్తుంచుకొనవలెను.

మూడవ గుర్తు రోమను అంకె. ఒకటి యున్న యు.హెచ్.ఎస్. మార్గములో సెకనుకు 104 మెగాబైట్ల వరకే పోవుటకు వీలు. రెండు ఉన్న మార్గములో 312 వరకు. రెండవదానిని గుర్తించుట తేలిక: కార్డు వీపున లోహపు రేకులు ఒక వరుస గాక రెండు వరుసలుండును. రెండు వరుసల కార్డును ఒక వరుస కెమేరాలో పెట్టవచ్చును; కాని అది ఒక వరుస వేగముననే నడచును. అదనముగా పెట్టిన డబ్బు వృథా. అట్లే, ఒక వరుస కార్డుపై 170, 200 అని వ్రాసి యున్నచో అది ఆ సంస్థ తన ప్రత్యేకమైన రీడరులో సాధించిన వేగమని తెలిసికొనవలెను. కెమేరాలో 104 దాటదు.

ఈ జ్ఞానమును ఊరేగింపు దృశ్యమునకు అన్వయించి చూతము. సెకనుకు పది చొప్పున మూడు సెకనులపాటు 'రా' చిత్రములు తీసితిమి. మొత్తము 30 చిత్రములు, 1,260 మెగాబైట్లు. కార్డు అంత వేగముగా మ్రింగలేదు గనుక కెమేరా వాటిని తన తాత్కాలిక స్మృతిలో నింపుకొని మెల్లగా కార్డునకు పంపును. సెకనుకు 40 మెగాబైట్లు వ్రాయు కార్డైనచో ఆ పని ముగియుటకు 31 సెకనులకు పైన పట్టును. 200 వ్రాయు కార్డైనచో ఆరు సెకనులలో ముగియును. మిణుకుమను దీపపు రహస్యమిదియే. ఆ అరనిమిషములో ఏనుగు దాటిపోవును! కాని జేపెగ్ చిత్రములు తీయువానికి ఆ ముప్పది కలిసి 300 మెగాబైట్లే. మొదటి కార్డే ఎనిమిది సెకనులలోపు ముగించును. వీడియో తీయువానికి 100 మెగాబిట్లకు 12.5 మెగాబైట్లు చాలును గనుక వి 30 కార్డు ధారాళముగా సరిపోవును. 400 మెగాబిట్ల వీడియోకు సెకనుకు 50 కావలెను. దానికి వి 60 ఉండవలెను. ఏ పనికి ఎంత కావలెనో లెక్క కట్టి కొనుట వివేకము. అన్నిటికంటె వేగమైనది కొనుటయు, అన్నిటికంటె చౌకయైనది కొనుటయు రెండును లెక్క చేయకుండ కొనుటయే.

నకిలీ కార్డులు

నకిలీ కార్డు బెడద లోకమంతట కలదు. దాని యుక్తి కంట్రోలరు అను గుమాస్తాను లంచగొండిగా చేయుట. లోపల 8 గిగాబైట్ల చిప్పునే పెట్టి, అడిగినవారికెల్ల '128' అని చెప్పునట్లు దానిని మార్చుదురు. పైపూతయు అట్లే అచ్చు వేయుదురు. మొదటి 8 గిగాబైట్ల వరకు అంతయు బాగుగనే యుండును. ఆపైన వ్రాసినది గాలిలో కలియును, లేదా పాతదానిపైననే పడును. దస్త్రముల పేర్లు మాత్రము పట్టికలో కనబడుచుండును. పెండ్లివారి చిత్రములు తీయుచు పొట్టపోసికొను యువకుని చేతిలో ఇట్టి కార్డు పడినచో, నిఖా చిత్రములు నిలిచి, వలీమా చిత్రములు పోవును. ఆ సంగతియు మరునాటికిగాని తెలియదు. నష్టపరిహారమీయవచ్చును గాని వధూవరులను తిరిగి కూర్చుండబెట్టలేము గదా.

కొన్న దినముననే పరీక్షించుట దీనికి విరుగుడు. కార్డును పూర్తిగా నింపి, నింపినదానిని తిరిగి చదివి, రెండును సరిపోల్చవలెను. ఈ పనిని తనంతట చేయు హెచ్2టెస్ట్‌డబ్ల్యు, ఎఫ్3 అను ఉచిత ప్రోగ్రాములు కలవు. సెకనుకు 40 మెగాబైట్లు వ్రాయు 128 గిగాబైట్ల కార్డును నింపుటకే 53 నిమిషములు పట్టును, చదువుటకు మరికొంత. ఒక సాయంకాలము దీనికి వినియోగించుట దండుగ కాదు. రసీదు ఇచ్చు అంగడిలో కొనినచో తిరిగి ఇచ్చుటకును దారి యుండును.

కొన్ని అపోహలు, కొన్ని జాగ్రత్తలు

అయస్కాంతము దగ్గర పెట్టినచో కార్డు చెడునని కొందరి భయము. టేపు విషయములో అది నిజమే. ఫ్లాష్ కార్డులో అయస్కాంత పదార్థమునకు పని లేదు గనుక ఇంటిలోని అయస్కాంతముల వలన దానికి చేటు లేదు. ఎస్.డి. కార్డు ప్రక్కనున్న చిన్న మీటను క్రిందికి జరిపినచో కార్డునకు తాళము పడునని మరియొక నమ్మకము. ఆ మీటకు లోపలి చిప్పుతో సంబంధమే లేదు. అది ఎక్కడ నున్నదో కెమేరా చూచి, తాను వ్రాయుట మానును, అంతియే.

కార్డు అరుగుదల గూర్చి అతిగా చింతింపనక్కరలేదు. ఒక గది వేయిసార్లు చెరిపి వ్రాయుటకు ఓర్చుననుకొందము. వారమునకొకసారి కార్డు నింపువానికి అది 19 ఏండ్లు వచ్చును. కాని దుకాణములలోని నిఘా కెమేరా దినమునకొకసారి కార్డునంతయు నింపునదైనచో వేయి దినములలో, అనగా మూడేండ్లలోపు, అదే కార్డు ముగిసిపోవును. అట్టివాటికి అధిక సహనము కల కార్డులని వేరుగా అమ్ముదురు; అవి కొనుట న్యాయము.

కార్డునకు నిజమైన శత్రువు తొందరపాటు. దీపము వెలుగుచుండగా కార్డును లాగినచో దస్త్రముల పట్టిక చెడును. బ్యాటరీ చివరి దశలో వీడియో తీయుటయు అంతే. చిత్రములను కంప్యూటరులో చేర్చుకొని, సరిచూచుకొనిన పిమ్మట కార్డును కెమేరాలోనే ఫార్మాటు చేయవలెను. ఒకవేళ పొరపాటున చిత్రములను చెరిపినచో వెంటనే కార్డును తీసి ప్రక్కన పెట్టవలెను. చెరుపుటలో సామాన్యముగా పట్టికలోని పేరు మాత్రమే పోవును. పైన కొత్తది వ్రాయనంతవరకు చిత్రమును తిరిగి వెలికితీయుటకు అవకాశము కలదు. ఫొటోరెక్ వంటి ఉచిత సాధనములు ఈ పనికి పుట్టినవే.

పెద్ద కార్డు ఒకటి మేలా, చిన్నవి రెండు మేలా? రెండు అరలున్న కెమేరాలో ప్రతి చిత్రమును రెండు కార్డులపైనను ఏకకాలమున వ్రాయించుట అన్నిటికంటె మేలు. ఒకే అర యున్నచో రెండు కార్డులు కొని, ఉత్సవపు సగములో మార్చుట మంచిది; ఒకటి చెడినను సగము దక్కును.

తరగతిలో చేయదగిన ప్రయోగము

రెండు మూడు కార్డులు, ఒక కంప్యూటరు, ఒక గడియారము చాలును. 2,000 మెగాబైట్ల వీడియో దస్త్రమును కంప్యూటరు నుండి కార్డునకు పంపి, పట్టిన సెకనులను లెక్కింపుడు. కంప్యూటరు కొంత భాగమును తనలో దాచుకొని 'అయినది' అని ముందుగనే చెప్పవచ్చును. అందుచే కార్డును సురక్షితముగా తీయుటకు ఆజ్ఞ ఇచ్చి, అనుమతి వచ్చువరకు కాలమును లెక్కింపవలెను. 2,000ను సెకనులచే భాగించిన వ్రాయు వేగము వచ్చును. తిరిగి మరియొక కంప్యూటరునకు తీసికొని చదువు వేగమును కనుగొనుడు. తరువాత అదే 2,000 మెగాబైట్లను వేయి చిన్న చిత్రములుగా పంపి చూడుడు. కాలము పెరుగుట గమనింతురు. ప్రతి దస్త్రమునకును గుమాస్తా పట్టికలో ఒక పంక్తి వ్రాయవలసి యుండుటయే కారణము. పాత యు.ఎస్.బి. 2 రీడరును వాడినచో ఏ కార్డైనను సెకనుకు సుమారు 40 మెగాబైట్ల వద్ద ఆగిపోవును. గొలుసు బలము దాని బలహీనమైన కొక్కెమును బట్టి యుండునని విద్యార్థులకు ఇంతకంటె స్పష్టముగా చూపలేము.

ఇక కొనుట యెట్లు?

బడి వార్షికోత్సవము, విజ్ఞాన యాత్ర, చార్మినారు లేదా మక్కామసీదు శిల్పములు, వీధి ఉత్సవములు మున్నగువాటికి 32 లేక 64 గిగాబైట్ల కార్డులు రెండు, యు 3 లేక వి 30 గుర్తు గలవి, చాలును. అధిక వేగమున 'రా' చిత్రములు తీయువాడు తన కెమేరాకు రెండు వరుసల అర ఉన్నదని తెలిసికొనిన పిమ్మటనే యు.హెచ్.ఎస్. రెండవ రకమునకు డబ్బు పెట్టవలెను. పాత కెమేరా గలవాడు తరమును, కొత్త కెమేరా గలవాడు వ్రాయు వేగమును, అందరును అసలు నకిలీలను చూడవలెను.

కార్డు ప్రయాణపు సంచియే గాని భోషాణము కాదు. గదులలోని ఎలక్ట్రానులు ఏండ్ల మీదట కొద్దికొద్దిగా కారిపోవును; వేడి ఆ పనిని త్వరపరచును. వేసవిలో తలుపులు మూసిన కారులో కార్డులను వదలుట అందుచేతనే తగదు. దీనదయాళు గాజు పలకను వెలుతురునకు ఎత్తి పట్టుకొనిన చాలు, నూరేండ్ల పిదపనైనను దర్బారు కంటికి కనబడును. కార్డును ఎత్తి పట్టుకొనిన ఏమియు కనబడదు. దానిని చదువు యంత్రమును, పద్ధతియు కూడ బ్రతికి యుండవలెను. కావున ముఖ్యమైన చిత్రములకు మూడు ప్రతులుంచుట, అవి రెండు విధములైన సాధనములపై నుండుట, వాటిలో ఒకటి వేరొక ఇంటనో బడిలోనో యుండుట నియమముగా పెట్టుకొనవలెను. నేటి విద్యార్థి తన వీధి బోనమును, తన తాత చెప్పిన పాతబస్తీ ముచ్చటలను చిత్రించి ఇట్లు భద్రపరచినచో, అవి రేపటి చరిత్రకారునకు ఆధారములు కాగలవు.